పెంచిన చెరువులో పది పౌండ్ల బాస్: తృప్తి ఎవరి ఖాతాలో పడుతుంది?

క్లుప్తంగా: అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మేత పెట్టి, లెక్క చూసి పెంచే ప్రైవేట్ చెరువుల్లో పది పౌండ్లు దాటిన బాస్ చేపలు పడుతుంటాయి. అదే సైజు చేప పబ్లిక్ సరస్సులో పడితే కలిగే తృప్తి ఇక్కడా కలుగుతుందా అన్నదే చర్చ. చెరువు ఎవరిదన్న ప్రశ్న కంటే, ఆ చేప అంతది కావడానికి పట్టిన పనిలో పట్టినవాడి వాటా ఎంత, ఫలితం ముందే ఎంతవరకు తెలిసిపోయింది అన్నవే తృప్తిని ఎక్కువగా నిర్ణయిస్తాయని ఆధారాలు చూస్తే అనిపిస్తుంది.

"ఏ లేక్‌లో?" అన్న ప్రశ్న

పన్నెండు పౌండ్ల బాస్‌ను, అంటే దాదాపు ఐదున్నర కిలోల చేపను, రెండు చేతులా ఎత్తి పట్టుకున్న ఫోటో చూపిస్తే గాలం వేసే అలవాటున్న ఏ అమెరికన్ అయినా ముందు మెచ్చుకుంటాడు, వెంటనే ఏ లేక్‌లో పడిందని అడుగుతాడు. ప్రైవేట్ లేక్ అని జవాబు వస్తే మాటలో వేడి తగ్గుతుంది. చేప అదే, బరువు అదే, తూకం కూడా అనుమానించేది కాదు. అయినా విలువ తగ్గినట్టే ఉంటుంది, ఒక్కోసారి పట్టినవాడికే అలా అనిపిస్తుంది. ఎందుకు?

ముందు ఈ చేప గురించి ఒక మాట. లార్జ్‌మౌత్ బాస్ మన కొరమీను లాగే కలుపు చాటున మాటువేసి, తిండి దగ్గరికి రాగానే ఒక్క ఊపులో నోట వేసుకునే రకం. జాతులు వేరు, వేట తీరు దగ్గర. దీన్ని కూరకోసం పట్టేవాళ్లు తక్కువ. పట్టి, తూచి, ఫోటో తీసుకుని నీళ్లలో వదిలేసేవాళ్లే ఎక్కువ. చాలాచోట్ల రెండు మూడు పౌండ్ల చేప పడితే మామూలు విషయం. పది పౌండ్లు దాటితే డబుల్ డిజిట్ అంటారు, ఇరవై ఏళ్లుగా గాలం వేస్తున్నా ఆ అంకె చూడనివాళ్లు బోలెడుమంది.

డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లలో వీకెండ్ ఫిషింగ్ అలవాటైనవాళ్లకు ఈ ప్రశ్న నేరుగా తగిలేదే. లేక్ ఫోర్క్ లాంటి పేరున్న పబ్లిక్ సరస్సు కారులో రెండు గంటల లోపు దూరం. రోజుకింతని డబ్బు కట్టి వెళ్లే ప్రైవేట్ చెరువులు కూడా అదే తూర్పు టెక్సస్‌లో ఉన్నాయి. రెండిట్లో ఎటు వెళ్లాలన్నది డబ్బుతో మాత్రమే తేలే విషయం కాదు.

పెద్ద చేప వెనకున్న పని

భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులు చూసినవాళ్లకు ఇందులో సగం తెలిసిన పనే. నీళ్లలో ఆక్సిజన్ పడిపోకుండా ఏరియేటర్లు తిప్పడం, సున్నం చల్లడం, ఎరువు వేసి నీళ్లు పచ్చబడేలా చూడటం, వేళకు మేత. తేడా ఏమిటంటే అక్కడ ఎకరాకు ఎన్ని టన్నులు దిగాయన్నది లెక్క, ఇక్కడ చెరువు మొత్తంలో ఎన్ని చేపలు పది పౌండ్లు దాటాయన్నది లెక్క. పైగా బొచ్చె, శీలావతి వేసిన మేతను నేరుగా తింటాయి. బాస్ వేటాడి తినే చేప కాబట్టి దాన్ని పెంచాలంటే ముందు దాని తిండిని పెంచాలి.

ఈ శాస్త్రానికి పునాది 1930ల నుంచి అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ చేసిన చెరువు ప్రయోగాలు. బ్లూగిల్ అనే చిన్న చేపనూ, దాన్ని తినే బాస్‌నూ సరైన పాళ్లలో వేస్తే చెరువు ఏళ్ల తరబడి నిలబడుతుందని, పాళ్లు తప్పితే చెరువు నిండా ఎదగని చేపలే మిగులుతాయని ఆయన చూపించాడు. అప్పట్లో దృష్టి రైతు కుటుంబానికి కూరకు చేపలు దొరకడం మీద ఉండేది. అదే జ్ఞానాన్ని తర్వాతివాళ్లు ట్రోఫీ చేపల వైపు తిప్పారు.

బాస్ ఒక పౌండు బరువు పెరగడానికి సుమారు పది పౌండ్ల చిన్న చేపలు తినాలన్నది చెరువులు చూసేవాళ్ల మోటు లెక్క. ఆ లెక్కన పది పౌండ్ల బాస్ వంద పౌండ్ల చేపలు మింగి ఉండాలి, ఆ వంద పౌండ్లను ఎవరో ఒకరు ఆ చెరువులో సమకూర్చి ఉండాలి. బ్లూగిల్‌కు ఆటోమేటిక్ ఫీడర్లతో గుళికల మేత పెడతారు. థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిన్న చేపలు వేస్తారు. కొన్నిచోట్ల వేసవికి ముందు తిలాపియా వదులుతారు. అది చలికి తట్టుకోలేదు, నీళ్లు చల్లబడుతున్నకొద్దీ మందగించి బాస్‌కు సులువుగా దొరికిపోతుంది, అలా శీతాకాలానికి ముందే బాస్ ఒళ్లు చేస్తుంది. డబ్బున్న యజమానులు చలికాలంలో రెయిన్‌బో ట్రౌట్ కూడా తెచ్చి పోస్తారు.

బయటివాళ్లకు వింతగా తోచేది ఏరివేత. బాస్ చేపలు పెద్దవి కావాలంటే బాస్ చేపలనే తీసేయాలి. పద్నాలుగు, పదిహేను అంగుళాల లోపువి గుంపుగా పెరిగితే ఉన్న తిండి అందరికీ పంచుకుపోయి ఏదీ ఎదగదు, అందుకే ఏటా వాటిని పౌండ్ల లెక్కన బయటికి తీస్తారు. నీళ్లలోకి కరెంటు పంపి చేపలను కాసేపు స్పృహ తప్పించే పడవతో సర్వే చేస్తారు, ప్రతి చేప పొడవు, బరువు రాసుకుని, ఆ పొడవున్న చేప ఉండాల్సిన బరువుతో పోల్చి చూస్తారు. ఆ అంకె 100 దగ్గర ఉంటే చేప మంచి తిండి మీద ఉన్నట్టు, 80లలోకి పడితే ఆకలితో ఉన్నట్టు. కొందరైతే ఆడ చేపలను మాత్రమే వేస్తారు, ఎందుకంటే బాస్‌లో బాగా పెద్దవయ్యేవి ఆడవే. పైగా మగవి లేకపోతే గుడ్లు పొదిగి పిల్లలు పెరిగే బెడద ఉండదు. వీటన్నిటి మీద ఫ్లోరిడా రకం జన్యువులు, ఎందుకంటే ఆ రకం ఉత్తరాది బాస్ కంటే పెద్దదిగా పెరుగుతుంది.

అంటే గాలం నీళ్లలో పడే రోజుకు చాలా ఏళ్ల పని ఎవరో పూర్తిచేసి ఉంచారు. ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన వాస్తవం ఇదే.

పబ్లిక్ సరస్సూ దానంతటది పెరిగిందేమీ కాదు

ప్రైవేట్ చెరువును చిన్నచూపు చూసేవాళ్లు సాధారణంగా మర్చిపోయే సంగతి ఒకటుంది. పేరున్న పబ్లిక్ సరస్సుల్లో చాలావాటి వెనకా ఇలాంటి పనే ఉంది, చేసింది ప్రభుత్వం కాబట్టి కంటికి కనిపించదు.

లేక్ ఫోర్క్‌నే తీసుకుంటే, 1980లో ఆనకట్ట మూసి నీళ్లు నింపే సమయానికే టెక్సస్ అధికారులు అక్కడ ఫ్లోరిడా రకం బాస్ వేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కఠినమైన సైజు నిబంధన పెట్టారు. 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఇంటికి తీసుకెళ్లకూడదు, 24 దాటినది రోజుకు ఒక్కటే. 1986లో మార్క్ స్టీవెన్సన్ అక్కడ పట్టిన 17.67 పౌండ్ల చేపతో రాష్ట్రం ఏకంగా ఒక సంతానోత్పత్తి కార్యక్రమమే మొదలుపెట్టింది: 13 పౌండ్లు దాటిన చేపను పట్టినవాళ్లు ప్రభుత్వ హేచరీకి అప్పుగా ఇస్తే, దాని పిల్లలను మళ్లీ సరస్సుల్లో వదులుతారు. షేర్‌లంకర్ అనే ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. ఖర్చులో కొంత ఫిషింగ్ సామాన్ల మీద వసూలయ్యే ఫెడరల్ పన్ను నుంచి, లైసెన్సు ఫీజుల నుంచి వస్తుంది. ఆ లెక్కన పబ్లిక్ సరస్సులో గాలం వేసేవాడూ పెంపకానికి డబ్బు కట్టినవాడే, కాకపోతే అందరితో కలిసి కట్టాడు.

కాలిఫోర్నియా ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. శాన్‌డియాగో ప్రాంతపు రిజర్వాయర్లలో ఫ్లోరిడా బాస్ వేసింది 1959లో. అదే రిజర్వాయర్లలో జనం పట్టుకోవడానికని చలికాలంలో ట్రౌట్ తెచ్చి వదులుతారు, ఆ ట్రౌట్‌లో కొంత బాస్ పొట్టలోకి వెళుతుంది. ఎస్కొండిడోలోని డిక్సన్ లేక్‌లో 2006లో మ్యాక్ వీక్లీ పట్టిన 25 పౌండ్ల 1 ఔన్సు బాస్ అలాంటి నీళ్లలోదే. గాలం నోటికి కాకుండా ఒంటికి తగిలి పడటంతో రికార్డుకు దరఖాస్తు పెట్టలేదు, చేపను వదిలేశాడు. దవడ కింద నల్లమచ్చ ఉండటంతో ఆ చేప అంతకుముందే అక్కడివాళ్లకు తెలుసు. 2003లోనూ అది గాలానికి పడింది, అప్పుడు బరువు 21 పౌండ్ల 11 ఔన్సులు. మచ్చను బట్టి గుర్తుపట్టి, ఎక్కడ తిరుగుతుందో కనిపెట్టి పట్టిన చేప అన్నమాట. నగరపాలక సంస్థ రిజర్వాయర్‌లో ట్రౌట్ తిని పెరిగిన ఆ చేపకూ, ప్రైవేట్ చెరువులో ట్రౌట్ తిని పెరిగిన చేపకూ జీవశాస్త్రం దృష్టిలో తేడా వెతకడం కష్టం.

దీనికి పూర్తిగా అవతలి కొసన జార్జ్ పెర్రీ చేప ఉంటుంది. 1932 జూన్ 2న జార్జియాలో, నది వదిలేసిన పాత పాయ లాంటి మాంట్‌గోమరీ లేక్‌లో పడిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ అది. ఎవరూ మేత పెట్టలేదు, ఎవరూ ఏరలేదు. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికంటే ఔన్సు కూడా పూర్తిగా ఎక్కువ లేదు, కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నిబంధన వల్ల ఇద్దరూ సమానమని ప్రకటించారు. ఇంత పెంపకం శాస్త్రం వచ్చాక కూడా, మనిషి చెయ్యి పడని నీళ్లలో ఎదిగిన చేపే తొంభై ఏళ్లకు పైగా పైమెట్టు మీద ఉండటం ఆలోచించాల్సిన విషయమే.

మెదడు ఎలా లెక్క కడుతుంది

తృప్తి చేప సైజును బట్టే వస్తే ఈ చర్చే ఉండేది కాదు. నాడీశాస్త్రంలో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ బృందం 1990లలో కోతుల మీద చేసిన పరిశోధన ఇక్కడ బాగా పనికొస్తుంది. అనుకోకుండా బహుమతి దొరికితే మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఎగసిపడతాయి. ముందే ఖాయమని తెలిసిన బహుమతి దొరికినప్పుడు వాటిలో పెద్దగా మార్పు ఉండదు. వస్తుందనుకున్నది రాకపోతే మామూలు స్థాయి కంటే కిందికి పడతాయి. స్పందన బహుమతి సైజుకంటే ఎక్కువగా, అనుకున్నదానికీ దొరికినదానికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది.

దీన్ని చెరువుకు అన్వయిస్తే చాలా అర్థమవుతుంది. పబ్లిక్ సరస్సులో రోజంతా తిరిగి, మామూలు రెండు పౌండ్ల చేపల మధ్య ఆరు పౌండ్ల చేప పడితే ఆ రోజు పండగ. రోజుకు వందల డాలర్లు కట్టి, గోడ మీద పద్నాలుగు పౌండ్ల చేపల ఫోటోలు చూసి పడవెక్కినవాడికి అదే ఆరు పౌండ్ల చేప పడితే "ఇంతేనా" అనిపిస్తుంది. చేప తప్పేమీ లేదు, ఆశ స్థాయి మారింది. డబ్బు కట్టిన చోట పెద్ద చేప ఆనందం తగ్గడం ఒక నష్టమైతే, మధ్యరకం చేపల ఆనందం మొత్తంగా పోవడం అంతకంటే పెద్ద నష్టం. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

1992 జనవరిలో టెక్సస్ రాష్ట్ర రికార్డు అయిన 18.18 పౌండ్ల బాస్ లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్‌కు పడింది. అప్పుడు ఆయన వేస్తున్నది బాస్ కోసం కూడా కాదు, క్రాపీ అనే చిన్న రకం చేపల కోసం చిన్న చేపను ఎరగా కట్టి కూర్చున్నాడు. అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య అంతకంటే పెద్ద దూరం ఊహించలేం.

రెండో మెలిక కష్టానికి సంబంధించింది. 1959లో అరాన్సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, ఒక బృందంలో చేరడానికి ఎక్కువ ఇబ్బంది పడినవాళ్లే ఆ బృందపు చప్పటి చర్చను ఎక్కువ ఇష్టపడ్డారు. 2012లో వచ్చిన మరో పరిశోధనలో, తామే బిగించిన పెట్టెలకు, తామే మడిచిన కాగితం బొమ్మలకు జనం ఎక్కువ విలువ కట్టారు. కష్టం పడ్డ వస్తువుకు మనసు ఎక్కువ ధర కడుతుంది, ఆ కష్టం మనదై ఉండాలి. ప్రైవేట్ చెరువులో కష్టం తగ్గిపోలేదు, చెరువు చూసేవాడి చేతుల్లోకి మారింది.

పైగా అందరు గాలం వేసేవాళ్లూ ఒకే దశలో ఉండరు. 1977లో హోబ్సన్ బ్రయన్ ట్రౌట్ పట్టేవాళ్లను గమనించి, కొత్తవాళ్లకు ఏదో ఒక చేప పడటమే ముఖ్యమని, అనుభవం పెరిగేకొద్దీ ఎన్ని పడ్డాయన్నదానికంటే ఎలా, ఎక్కడ, ఏ పద్ధతిలో పట్టామన్నది ముఖ్యమవుతుందని రాశాడు. ఒకే చెరువు గురించి ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు నిజానికి వాళ్లు వేర్వేరు దశల నుంచి మాట్లాడుతుండొచ్చు.

సులువుగా పడతాయన్నది సగమే నిజం

ప్రైవేట్ చెరువంటే బకెట్లో చేపలు పట్టినట్టని ఒక అభిప్రాయం. కొత్తగా చేపలు వేసిన, ఎవరూ గాలం వేయని చెరువు విషయంలో అది నిజానికి దగ్గరే. కానీ బాస్ నేర్చుకుంటుంది, నేర్చుకోవడమే కాదు, గాలానికి పడే గుణం కొంత వారసత్వంగా కూడా వస్తుంది. ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో డేవిడ్ ఫిలిప్ బృందం నాలుగేళ్లపాటు పడిన ప్రతి చేపకూ గుర్తు వేసి వదిలింది. 1980లో నీళ్లు తోడేసి చూస్తే 1,700కి పైగా చేపలు దొరికాయి. ఆ నాలుగేళ్లూ నీళ్లలోనే ఉన్నా ఒక్కసారీ గాలానికి పడనివి వాటిలో సుమారు 200. ఒక చేప మాత్రం ఒకే ఏడాదిలో 16 సార్లు పడింది. పడని వాటిని పడని వాటితో, పడే వాటిని పడే వాటితో జతకట్టించి తరాలు పెంచితే ఆ తేడా తరతరానికీ పెరుగుతూ వచ్చింది.

పది ఎకరాల చెరువులో పన్నెండు పౌండ్ల చేపకు ఎరగా కట్టే ప్లాస్టిక్ పురుగంటే ఏమిటో ఎన్నోసార్లు తెలిసి ఉంటుంది. ఎదురుగా కావలసినంత తిండి ఉన్నప్పుడు అనుమానంగా ఉన్న ముక్క జోలికి వెళ్లాల్సిన పనీ లేదు. అందుకే బాగా మేపిన చెరువుల్లో పెద్ద చేపలు ఉన్నాయని సర్వేలో తేలినా నెలల తరబడి పడకపోవడం యజమానులకు తెలిసిన తలనొప్పే. అయితే ఒక తేడా మాత్రం చెరిగిపోదు. ప్రైవేట్ చెరువులో చేప ఎక్కడుందన్న ప్రశ్న చిన్నది, ఉందా లేదా అన్న ప్రశ్న అసలు లేదు. లేక్ ఫోర్క్ లాంటి 27 వేల ఎకరాల నీళ్లలో వెతకడమే ఆటలో పెద్ద భాగం. ఆ భాగాన్ని 2018 నుంచి వచ్చిన లైవ్‌స్కోప్ లాంటి సోనార్లు (శబ్ద తరంగాలతో నీళ్ల లోపలికి చూసే పరికరాలు), చేప కదలికను అప్పటికప్పుడు తెరమీద చూపించి, బాగా కుదించేశాయి. పబ్లిక్ నీళ్లలో పట్టిన చేప గొప్పదన్న వాదన ఎక్కువగా ఆ వెతుకులాట మీదే నిలబడింది కాబట్టి, ఈ పరికరాలు ఆ వాదనకు ప్రైవేట్ చెరువుల కంటే ఎక్కువ చేటు చేస్తున్నాయి.

రికార్డు రాసేవాళ్లు ఏమంటున్నారు

అంతర్జాతీయ రికార్డులు చూసే ఐజీఎఫ్ఏ హేచరీ నీళ్లలో పట్టిన చేపలను ఒప్పుకోదు. టెక్సస్ రాష్ట్రం పబ్లిక్ నీళ్లకు ఒక జాబితా, ప్రైవేట్ నీళ్లకు మరో జాబితా పెట్టింది, ఇది అన్నిటికన్నా నిజాయితీగా ఉన్న పరిష్కారం. జింకల వేటలో ఈ గీత ఇంకా గట్టిగా గీశారు: 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ చొరవతో ఏర్పడిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, జంతువు తప్పించుకోలేని కంచెల్లో కొట్టిన జింకను లెక్కలోకే తీసుకోదు. బ్రిటన్‌లో ఫారంలో పెంచి, పెద్దదయ్యాక చెరువులో వదిలిన కార్ప్‌ను రికార్డనాలా అన్న గొడవ ఏళ్లుగా ఉంది. అన్నిచోట్లా అడుగుతున్నది ఒకటే: దానికి తప్పించుకునే దారి ఉందా, దాని ఎదుగుదల దానిదేనా. చేపకు గాలాన్ని వదిలేసే స్వేచ్ఛ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కంచెలోని జింకతో పూర్తి పోలిక కుదరదు, ఈ విషయంలో ప్రైవేట్ చెరువులకు కొంచెం న్యాయం జరగాలి.

మరి ఎవరికి ఎంత

ఎక్కువ తృప్తి చెరువు యజమానిది, అతడే పని చేసి ఉంటే. బాస్ టోర్నమెంట్లకు ఆద్యుడు, 1968లో బాస్ ఫిషర్మెన్ సంఘం పెట్టిన రే స్కాట్ అలబామాలోని పింట్‌లాలలో సొంత సరస్సు పెట్టుకుని ఏళ్ల తరబడి దాన్ని తీర్చిదిద్దాడు, అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ కూడా అక్కడికి వచ్చి గాలం వేశాడు. పబ్లిక్ సరస్సుల పోటీలతో పేరు తెచ్చుకున్న మనిషికి ఇంటి పక్క నీళ్లు అంత ప్రియమయ్యాయంటే కారణం తేలిగ్గానే తెలుస్తుంది. వేలెడంత పిల్లను తానే వేసి, ఏడెనిమిదేళ్లు లెక్క రాసి, దాన్ని పదకొండు పౌండ్ల చేపగా చేత్తో పట్టుకున్నవాడికి ఏ పబ్లిక్ సరస్సూ అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు. అతడి ఆనందంలో రైతు ఆనందం కలిసి ఉంది.

పిల్లలకు, కొత్తవాళ్లకు, వయసు మీద పడి పెద్ద సరస్సులో పడవ నడపలేనివాళ్లకు కూడా ప్రైవేట్ చెరువు ఇచ్చేది తక్కువేమీ కాదు. చేప బలం చేతికి ఎలా తెలుస్తుందో ఒక్కసారైనా చవిచూడటానికి అదే దారి కావచ్చు.

తగ్గేది డబ్బు కట్టి ఒక రోజుకు వచ్చే అనుభవజ్ఞుడికి. పట్టిన క్షణంలో చేయి వణకడం, గుండె కొట్టుకోవడం అన్నీ నిజమే, వాటిలో తేడా ఉండదు. తేడా తర్వాతి నెలల్లో, ఆ చేప కథ చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. పబ్లిక్ సరస్సు చేపకు వెనక చాలా కథ ఉంటుంది: ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రోజులు, గాలి మారిన మధ్యాహ్నం, ఎవరికీ చెప్పని మూల. అతిథి చేపకు ఆ కథ చెరువు చూసేవాడి దగ్గర ఉండిపోతుంది.

కొన్ని చెరువుల్లో దీనికి ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. అక్కడ అతిథులు పద్నాలుగు అంగుళాల లోపు బాస్ పడితే తిరిగి వదలరు, తీసి పక్కన పెడతారు. మిగతా ప్రతి చేప పొడవు, బరువు చెరువు పుస్తకంలో తమ చేత్తో రాస్తారు. అలా రెండు మూడు సీజన్లు వచ్చి చిన్నవాటిని ఏరినవాళ్లు, ఆ చెరువులో పెద్ద చేప పడినప్పుడు పాత పేజీలు తిప్పి తాము రాసిన బరువులు చూసుకుంటారు.